విడిపోయాక స్నేహం ఎవరి అవసరం?

పా. రంజిత్ తమిళ సినిమా 'నచ్చత్తిరం నగర్‌గిరదు' (2022) ప్రేమ తెగిపోయే చోట మొదలవుతుంది. రెనే దళిత యువతి. ప్రియుడు ఇనియన్. ఇద్దరే ఉన్న గదిలో, ఆమె పాడిన పాట మీద మాటామాటా పెరిగి చివరికి అతని నోట కులం బయటపడుతుంది. ఆ తర్వాత కూడా పాండిచ్చేరిలో ఒకే నాటక బృందంలో, పరువుహత్యల మీద ఒకే నాటకానికి ఇద్దరూ పనిచేయాలి.

విడిపోయినా స్నేహంగా ఉండటమే నాగరికత అని మన యూనివర్సిటీల్లో తెగ చెప్తుంటారు. ఆ నాగరికత ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది మా ప్రశ్న. 1989 అట్రాసిటీ చట్టం ప్రకారం కులదూషణ నేరం కావాలంటే అది నలుగురి కళ్లబడే చోట జరగాలి. బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్నమాట దాని కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి పడగ్గదిలో పడ్డ మాటకి సాక్షి ఎవరు? మిత్రులకి కనపడేదల్లా పలకరించని అమ్మాయి మొండితనమే. ఇంకా పట్టుకునే ఉందా, అంటారు. అన్నవాడికి ఆ స్నేహం అడక్కుండానే దొరికే మాఫీ.

రెనే ఈ ఉచ్చులో పడదు. రిహార్సల్ మానదు, బృందం వదలదు. అది అతనిది ఎంతో ఆమెదీ అంతే. కలిసి పనిచేయడాన్ని క్షమించడంగా చూపించకపోవడం రంజిత్ చేసిన మేలు. మాకిదేం కొత్త కాదు. మా వాడల్లో పెద్దమనుషుల ముందు తెగదెంపులు చేసుకుని, ఎవరి మారుమనువు వాళ్లు చేసుకుని, నాట్లప్పుడు ఒకే మడిలో దిగినవాళ్లున్నారు. మా అమ్మలకి 'మాజీ ప్రియుడు' అన్న మాట తెలీదు గానీ, చేనుకాడ పలకరించడానికీ గడప లోపలికి రానివ్వడానికీ తేడా తెలుసు.

మా పేచీ అర్జున్ దగ్గర. తాగి రెనేతో అసభ్యంగా ప్రవర్తించిన అతన్ని బృందం గెంటేద్దామంటే, ఉండనివ్వమని ఆమే వాదిస్తుంది. అంబేద్కరైట్‌నని చెప్పుకునే పాత్ర మనిషి మారతాడని నమ్మడం మంచిదే. కానీ దెబ్బ తిన్నదీ ఆమే, పాఠం చెప్పేదీ ఆమేనా? మిగతావాళ్లకి పనిలేదా? ఇక్కడ సినిమా తొందరపడింది. మన సంఘాల్లోనూ ఇదే తంతు. ఇద్దరు విడిపోతే, ఉద్యమం కోసం కలిసిమెలిసి ఉండమని ముందు అమ్మాయికే చెప్తారు. అతని దగ్గరికెళ్లి, అసలు ఆమెనేమన్నావని అడిగినవాళ్లని మేం ఇంతవరకు చూళ్లేదు.