బూడిద జంటకు నల్లపిల్ల

ఇక్కడ మస్కట్‌లో, మత్రా సూక్ బజారులో గుడ్డ తాను విప్పితే మొదటి గజం ఏ రంగో చివరి గజమూ అదే రంగు. కోడి సంగతి అలా కాదని భీమవరంలో ఉన్న మా బావమరిదికి ఫోన్లో చెప్పీ చెప్పీ అలిసిపోయాను. బూడిద రంగు పుంజుకు అదే రంగు పెట్టను జత కట్టాడు. పిల్లల్లో కొన్ని నల్లవి, కొన్ని మాసిన తెలుపు మీద మచ్చలవి వచ్చాయి. "బావా, పెట్టలోనే ఏదో కల్తీ ఉంది" అంటాడు. తప్పంతా పెట్టదే, పుంజు మాత్రం మచ్చలేనిది!

కల్తీ ఏమీ లేదు. నలుపును పలచబరిచే జన్యువు ఒకటుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే పిల్ల బూడిద, ఇద్దరి నుంచీ వస్తే మచ్చల తెలుపు, ఎవరి నుంచీ రాకపోతే నలుపు. అందుకే బూడిద జంటకు సుమారు సగం పిల్లలే బూడిదవి. మిగతా సగంలో నలుపు, మచ్చల తెలుపు చెరిసగం. స్పెయిన్ ఆండలూసియన్ కోళ్ల మీద బేట్సన్, పన్నెట్ గత శతాబ్దం మొదట్లోనే ఈ లెక్క తేల్చారు. అన్నీ బూడిదవే కావాలంటే నల్ల పెట్టకు మచ్చల తెల్ల పుంజును కట్టాలి. అంటే మనం వద్దనుకునే రెండు రంగులే మనకు కావలసిన రంగును ఇస్తాయి. (లావెండర్ అనే బూడిద వేరే ఉంది. దాన్ని మామూలు నల్లకోడితో కలిపితే పిల్లలన్నీ నల్లవే వస్తాయి. అదే గుర్తు.)

సంక్రాంతి దగ్గరపడితే ఇక్కడ సముద్రపు ఒడ్డున కార్నిష్ మీద మా గోదావరి వాళ్ల మాటలన్నీ పందెం కోళ్ల రంగుల మీదే: డేగ, కాకి, నెమలి, సేతువ. కుక్కుట శాస్త్రం పేరు చెప్పి ఏ నక్షత్రాన ఏ రంగు గెలుస్తుందో వాదించుకుంటారు. నాకు ఆ నమ్మకం లేదు. రంగు ఈకలో ఉంటుంది గానీ కాలి సత్తువలో ఉండదు. పైగా మన దేశంలో కోడిపందెం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం.

రంగుకు అసలు విలువ పెరట్లో ఉంది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వారి వనరాజా రంగు ఈకల కోడి కావడం ఊరికే కాదు. పల్లెజనం కంటికి అది నాటుకోడిలా ఉంటుంది, గద్ద కంటికి తెల్లకోడంత తేలిగ్గా దొరకదు.

బూడిద రంగు మీద మోజున్న వాళ్లకు ఒక్క మనవి: ఆ మచ్చల తెల్ల పుంజును పండక్కి కూర వండకండి. నల్ల పెట్టల్లోకి వదలండి.