"డ్వేన్ బారీ": అనాప్తుని సాక్ష్యము

అమెరికా సంయుక్తరాష్ట్రములందు ఫాక్స్ ప్రసారసంస్థ 1993వ సంవత్సరమున నారంభించిన "ది ఎక్స్-ఫైల్స్" అను టెలివిజను నాటకమాలలో "డ్వేన్ బారీ" యను భాగము 14-10-1994 తేదీని ప్రసారితమయ్యెను. మాలాకర్తయగు క్రిస్ కార్టరే దీనికి రచయిత. దర్శకుడుగా నాతని కిదియే ప్రథమకృతి. లోకాంతరవాసులు మనుష్యుల నపహరింతురనియు, ప్రభుత్వమువా రది యెఱిగియు మఱుగుపఱతురనియు చెప్పు కథ యిది. వినినంతనే పెదవి విఱుచువారు, నిద్రించుచున్న యనిరుద్ధుని చిత్రరేఖ గగనమార్గమున గొనిపోవుటను భాగవతమున మన మెంత ప్రీతితో చదువుదుమో స్మరింతురు గాక. వస్తువు నమ్మదగినదా యనుటకంటె, నమ్మకమును కవి యెట్లు సాధించె ననునదియే విమర్శకు విషయము.

బారీ పూర్వము ఎఫ్.బి.ఐ. యుద్యోగి, కథాకాలమున మానసిక చికిత్సాలయమున బంధితుడు. లోకాంతరవాసులు తన్ను మరల గొనిపోవుదురను భీతితో, తనకు మాఱుగా వైద్యుని వారి కర్పింప నెంచి, యతని చెఱబట్టి పాఱిపోవును. కాని తన్నపహరించిన తావు వానికి జ్ఞప్తికి రాదు. అందుచే దారి తెలిసికొనుటకై ప్రయాణపు టిక్కెట్లమ్ము దుకాణమును జొచ్చి, అందలి పనివారిని గూడ నిర్బంధించును. లోకాంతరమునకు దారిని టిక్కెట్ల దుకాణమున వెదకు వానిని జూచి నవ్వు రావలెను. స్టీవ్ రెయిల్స్‌బాక్ నటనముచే నవ్వునకు మాఱు జాలియు భయమును గలుగును.

వానితో మాటలాడుటకు నియుక్తుడైన మల్డరు, తాను పండ్రెండేండ్ల బాలుడై యుండగా 1973లో చెల్లెలి నిట్లే కోల్పోయితినని నమ్మువాడు. కావున సాక్షియు పరీక్షకుడును నొకే గాయము గలవారు. నైయాయికులు శబ్దమును ప్రమాణముగా నంగీకరించిరి గాని, యది యాప్తుని వాక్యమైననే. స్మృతిని వారు ప్రమాణమనరు. బారీ చెప్పునదంతయు స్మృతియే. వా డాప్తుడును గాడు. 1982లో తలకు దగిలిన తుపాకిగుండుచే మెదడు ముందుభాగము చెడి, బొంకుట వానికి రోగస్వభావమయ్యెనని మల్డరు సహచరి స్కల్లీ కనుగొనును. 1848లో ఇనుపకడ్డీ కపాలమును దూసిపోగా స్వభావమే మాఱిన ఫినియస్ గేజి వృత్తాంతమును ఆమె యుదాహరించును. అంతవఱకు నమ్మకముతో వినుచుండిన మల్డరు, ఈ వార్త చెవిబడిన పిమ్మట, నీవు చెప్పినది బొంకు కాదుగదా యని వాని నడుగును. తుపాకి బట్టిన యున్మత్తు నట్లడుగుట ప్రాణాపాయము. ఐనను ఈ ప్రశ్నయే కథకు జీవము. నమ్మగోరువాడే నమ్మజాలని క్షణమది. తుదకు వానిని మాటలతో వాకిటికి రప్పించి, వెలుపలివారి గుండునకు గుఱిచేయువాడును మల్డరే.

గాయపడిన బారీ దేహమున, వాడు చెప్పిన తావులందే లోహపు తునుకలు కానవచ్చును. ఇచట శబ్దమును విడిచి యనుమాన ప్రమాణమునకు వచ్చితిమి. స్కల్లీ యొక తునుకను అంగడిలో, సరకులపై గీతలను చదివి వెల చూపు యంత్రముపై పోనీయగా, అది యర్థము తెలియని యంకెలను గ్రక్కసాగును. వేయి విమానములు చూపినను గలుగని విస్మయము ఈ వెలకట్టు యంత్రమువలన గలిగినది.

దోష మొకటి చెప్పక తప్పదు. నాటకారంభముననే, 1985లో బారీ శయ్యపై నుండగా, వెలుగునందు ఆ జీవులు నిలుచుట మనకు చూపబడినది. అది యప్పటి కెవని స్మృతియు గాదు. కవి మనకిచ్చిన ప్రత్యక్షము. పండ్లను దొలుచు దృశ్యమన్ననో, బారీ తన కథ చెప్పుచుండగా వచ్చును గావున సందేహమునకు భంగము లేదు. మొదటిదానిని విడిచియున్నచో ఆ సందేహము కడవఱకు నిండుగా నిలిచెడిది. ప్రభుత్వపు కపటమును మాత్రము బారీ మాటలలోనే యుంచుట యుచితము. కేంద్ర గూఢచారసంస్థ యెఱుగని జనులకు మత్తుమందులిచ్చి పరీక్షించెనని 1975లో వెల్లడియైన దేశమది. అచటి ప్రేక్షకునకు ఉన్మత్తుని మాటను త్రోసివేయుట సులభము కాదు.

స్కల్లీ పాత్రధారిణి జిలియన్ ఆండర్సన్ గర్భవతియై కొంతకాలము దూరముగా నుండవలసివచ్చుటచే, ఆ పాత్ర యపహరణము కల్పితమయ్యెను. అట్టి యక్కఱనుండి తుది సన్నివేశము పుట్టుట వింత. మల్డరు పలుకనందున, స్కల్లీ తునుక సంగతిని అతని యింటి టెలిఫోనునకు గూర్చిన ధ్వనిగ్రాహక యంత్రమునకు చెప్పుచుండగనే, తప్పించుకొనివచ్చిన బారీ కిటికీకడ కనబడును. వాని వాక్యమును శంకించిన యామె, శంకింపను నమ్మను నేరని యంత్రముతో తన యార్తిని మొఱపెట్టుకొనుచుండగా నీ భాగము ముగియును. తరువాయి 21-10-1994 తేదీని గాని రాలేదు.