కత్తెరకు దొరకని బొమ్మ

2021 జూలైలో యూరో కప్ ఫైనల్లో ఇంగ్లండ్ ఇటలీ చేతిలో ఓడింది. పెనాల్టీలు గోల్ చేయలేకపోయిన రాష్‌ఫర్డ్, సాంచో, సాకా ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లే. ఆ రాత్రే వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ ఫొటోల కింద కోతి బొమ్మలు బారులు తీరాయి. నాకు ఒళ్లు మండింది. తలవంచుకు నిలబడ్డ ఆటగాడి మీద కోతి బొమ్మలు వానలా కురుస్తున్నట్టు గీసి, కింద నాలుగు ఘాటైన మాటలు రాసి అందరికీ పంపాను.

వారం తిరక్కుండా ఆ బొమ్మ మా వాట్సాప్ గ్రూపుకే వచ్చింది. నా మాటల్ని ఎవరో కత్తిరించేశారు. బొమ్మ మిగిలింది, దాని కింద పగలబడి నవ్వే ముఖాలు. తిట్టును ఖండించబోయి తిట్టుకే రంగులద్ది పంపానన్నమాట.

అప్పట్నుంచీ ఈ పని తెలిసినవాళ్లు ఎలా చేశారా అని చూస్తున్నాను. అమెరికన్ కళాకారిణి బెట్టీ సార్ 1972లో, నల్లజాతి పనిమనిషిని వెక్కిరిస్తూ బజార్లో అమ్మిన బొమ్మనే తెచ్చి, ఒక చేతిలో చీపురు ఉండనిచ్చి రెండో చేతికి తుపాకీ ఇచ్చింది. ఎదురుతిరగడం కింద రాసిన మాటల్లో లేదు, బొమ్మ చేతిలోనే ఉంది.

అమెరికన్ కళాకార దంపతులు మెండి, కీత్ ఒబాడికే ఇంటర్నెట్‌లో ఇంకో దారి పట్టారు. 2001 ఆగస్టులో కీత్ తన నల్లదనాన్ని ఈబేలో వేలానికి పెట్టాడు. మొదటి ధర 10 డాలర్లు. ఫొటో లేదు. సరుకు అమ్మేవాడిలాగే ఉపయోగాలూ హెచ్చరికలూ రాశాడు: ఉద్యోగం వెతుక్కునేటప్పుడు దీన్ని వాడకపోవడం మంచిది, కోర్టుకెళ్లేటప్పుడూ అంతే. 10 రోజులు సాగాల్సిన వేలాన్ని తగని సరుకంటూ ఈబే 4 రోజులకే తీసేసింది. అప్పటికి 12 పాటలు పడ్డాయి, హెచ్చుపాట 152.50 డాలర్లు.

అక్కడ వెక్కిరించడానికి ముఖమే లేదు. కనిపించేది వేలం ఒక్కటే, అదీ ఒకప్పుడు మనుషుల్నే వేలం వేసిన దేశంలో. దెబ్బ తిన్నవాణ్ణి కాకుండా దెబ్బ కొట్టే ఏర్పాటును చూపించారు.

మొన్న నా బొమ్మను మళ్లీ గీశాను. ఆటగాడు లేడు, కోతులూ లేవు. ఫోను మీదికి వంగిన బొటనవేలు మాత్రమే. దానికి ఏ రంగు వెయ్యాలా అని కాసేపు ఆగాను. మా గ్రూపులో నవ్వినవాళ్లు గుర్తొచ్చారు. నా చెయ్యి చూసుకుని, చామనచాయ కలిపాను.