ఐదు నిమిషముల స్థాపన: ఒక పరిశీలన

వర్డ్‌ప్రెస్ అను సాఫ్ట్‌వేరును సొంత సర్వరుపై నెలకొల్పుకొను విధానమును దాని రూపకర్తలే ఒక సూచనాపత్రముగా ప్రకటించినారు. అందులోని ముఖ్యభాగమునకు ‘ప్రసిద్ధమైన ఐదు నిమిషముల స్థాపన’ అని పేరు. పాఠశాల వార్తలను, గ్రామ చరిత్రను, విద్యార్థుల రచనలను తెలుగులో భద్రపరచుకొనవలెనని తలచిన ఉపాధ్యాయుడు తొలుత చేతికెత్తుకొనునది సాధారణముగా ఇట్టి పత్రమునే. కావున దీనిని ఒక పాఠ్యగ్రంథమును పరిశీలించినట్లే పరిశీలించుట న్యాయము. చెప్పినది సరిగా నున్నదా? చెప్పవలసినది విడిచినదా? దీనిని నమ్మి పనిచేసినవారి శ్రమ పది సంవత్సరములు నిలుచునా? ఈ మూడు ప్రశ్నలే మనకు కొలబద్ద.

ముందుగా యంత్రాంగమును గ్రహింపవలెను. సర్వరు అనగా ఎల్లవేళల పనిచేయుచు, అడిగినవారికి పుటలను అందించు కంప్యూటరు. దానిలో నాలుగు భాగములు కలవు. మొదటిది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సు. ఇది యంత్రమంతటిని నడపును. రెండవది అపాచీ వంటి వెబ్ సర్వరు. ఇది బయటినుండి వచ్చు కోరికలను అందుకొనును. మూడవది మైఎస్‌క్యూఎల్ గాని, దానినుండి చీలిన మరియాడీబీ గాని. ఇది సమాచారమును పట్టికలుగా దాచు డేటాబేసు. ఈ రెంటినడుమ పనిచేయు నాలుగవది పీహెచ్‌పీ. రాస్మస్ లెర్డార్ఫ్ దీనిని 1995లో లోకమునకు విడుదల చేసెను. పాఠకుడు ఒక పుటను కోరగనే పీహెచ్‌పీ డేటాబేసునుండి వాక్యములను తెచ్చి, అప్పటికప్పుడు పుటను కూర్చి పంపును. ఫైలును తగిన డైరెక్టరీలో ఉంచినంతనే పనిచేయుట పీహెచ్‌పీకి గల గొప్ప సౌలభ్యము. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్, వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ ఈ సౌలభ్యమువలననే సామాన్యుల అందుబాటులోనికి వచ్చినవి.

సూచనాపత్రములోని దశలు కొలదియే. సాఫ్ట్‌వేరు కట్టను దింపుకొని విప్పవలెను. డేటాబేసును, దానికొక వినియోగదారుని సృష్టింపవలెను. ఫైళ్లను సర్వరుపై ఉంచవలెను. బ్రౌజరులో చిరునామా తెరచి, అడిగిన వివరములను పూరింపవలెను. చివర విజయము ప్రకటింపబడును. ఈ క్రమములో తప్పు లేదు, అనవసరమైన మాట లేదు. సామగ్రి సిద్ధముగా నున్నచో ఐదు నిమిషములలో పని ముగియుట కూడ నిజమే. మొదటి ప్రశ్నకు పత్రము చక్కగా ఉత్తీర్ణమగుచున్నది. చిక్కు రెండవ, మూడవ ప్రశ్నలవద్ద కలుగుచున్నది.

మొదటి లోపము ద్వారమును గూర్చినది. ఫైళ్లను సర్వరుపై ఉంచుటకును, వివరములు పూరించుటకును నడుమ కొంత వ్యవధి కలదు. ఆ వ్యవధిలో ఆ పుట ఎవరు తెరచినను తెరచుకొనును. అది యజమానిని గుర్తింపజాలదు. అపరిచితుడు తన సొంత డేటాబేసు చిరునామాను అందులో నింపి, తానే నిర్వాహకుడై, సర్వరుపై తన పీహెచ్‌పీ ఫైళ్లను నడపగలడు. 2017లో ఇట్టి అర్ధాంతర స్థాపనలను వెదకి పట్టుకొను దాడులను భద్రతా పరిశీలకులు బయటపెట్టినారు. మరియొక సంగతి. సురక్షిత చిరునామాకై ధ్రువపత్రము తీసుకొన్న వెంటనే ఆ చిరునామా బహిరంగ పట్టికలలో నమోదగును. కనుక ‘మా పాఠశాల చిరునామా ఎవరికి తెలియును?’ అను ధైర్యము చెల్లదు.

మీడియావికీ ఈ విషయమున మేలైన మార్గము త్రొక్కినది. దాని స్థాపకము అన్ని ప్రశ్నలు అడిగిన పిదప అమరికల ఫైలును తయారుచేసి మన చేతికిచ్చును. దానిని సర్వరుపై తగినచోట మనమే పెట్టవలెను. సర్వరుపై ఫైలు పెట్టగలవాడే యజమాని అను పరీక్ష ఇందులో ఇమిడియున్నది. అధికముగా పట్టిన ఆ ఒక్క నిమిషము వ్యర్థమైన కాలము కాదు. అది ద్వారమునకు బిగించిన గడియ. వేగమునే గుణముగా ఎంచు పత్రము ఇట్టి గడియలను ఆలస్యముగా లెక్కించు ప్రమాదమున్నది.

రెండవ లోపము అనుమతులను గూర్చినది. లినక్సులో ప్రతి ఫైలునకు యజమాని, సమూహము, ఇతరులు అను మూడు వర్గములవారు కలరు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడపుటకు 1 అని విలువలు. ఏ వర్గమువారికి ఏయే హక్కులున్నవో ఈ విలువలను కూడి తెలుపుదురు. 644 అనగా యజమాని చదువవచ్చును, వ్రాయవచ్చును (4+2). తక్కినవారు చదువుటకు మాత్రమే అర్హులు. 777 అనగా అందరును అన్నియు చేయవచ్చును. స్థాపన మధ్యలో ‘ఫైలు వ్రాయుటకు వీలులేదు’ అను సందేశము వచ్చినపుడు, తెలిసీ తెలియని మిత్రులు ‘777 ఇమ్ము, పోవును’ అందురు. నిజముగనే సందేశము పోవును. దానితో రక్షణయు పోవును. వర్డ్‌ప్రెస్ వారు ఈ అలవాటును హెచ్చరించకపోలేదు. అయితే ఆ హెచ్చరిక వేరొక పుటలో నున్నది. అట్లే, డేటాబేసు వినియోగదారునకు సర్వాధికారములు ఇమ్మని స్థాపన పుట చెప్పును. నిత్య వ్యవహారమునకు చదువుట, చేర్చుట, మార్చుట, తొలగించుట అను నాలుగు అధికారములు చాలునని భద్రతను గూర్చిన పుట చెప్పును. ఔషధము వాడు విధము సీసాపైనను, వాడకూడని సందర్భములు మరియొక పుస్తకములోను ఉన్నట్లున్నది ఈ ఏర్పాటు.

మూడవ అంశము తెలుగువారికి ప్రత్యేకమైనది. దీనిని ఒక ఊరి పేరుతో పరీక్షింతము. ‘టేకుమట్ల’ అను మాటలో కంటికి కనబడునవి నాలుగు అక్షరములు: టే, కు, మ, ట్ల. యూనికోడు లెక్కలో అవి ఎనిమిది సంకేతములు: ట, ఏత్వము, క, కొమ్ము, మ, ట, పొల్లు, ల. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు కావలెను. కనుక ఈ మాట యంత్రములో 24 బైట్లు ఆక్రమించును. మొదటి ‘ట’ 224, 176, 159 అను మూడు సంఖ్యలుగా నిలుచును. మీడియావికీలో పుట శీర్షికకు 255 బైట్ల మితి కలదు. ఆంగ్లమున అది 255 అక్షరములు. తెలుగున 85 సంకేతములు మాత్రమే. మితి ఒక్కటే అయినను, వాటా వేరు.

ఇప్పుడు అసలు ప్రమాదమును చూడుడు. మైఎస్‌క్యూఎల్ చాలకాలము లాటిన్-1 అను పద్ధతినే స్వతస్సిద్ధముగా పాటించెను. 2018లో వెలువడిన 8.0 సంచికతో యూటీఎఫ్-8 సంపూర్ణ రూపమునకు మారెను. లాటిన్-1లో ఉన్న గళ్లు 256 మాత్రమే. తెలుగునకు ఒక్క గడియు లేదు. పొరపాటు రెండు విధములుగా సంభవించును. ఒకటి: 24 బైట్లు యథాతథముగా లోపలికి పోయి, పైచీటీ మాత్రము తప్పుగా అంటింపబడుట. అప్పుడు తెరపై వింత లాటిన్ గుర్తులు కనబడును. చూచుటకు భయంకరమేగాని, బైట్లు చెడలేదు. పైచీటీ సరిచేసినచో తెలుగు మరల ప్రత్యక్షమగును. రెండవది: యంత్రము తెలుగును లాటిన్-1లోనికి మార్చబూని, గడి దొరకక, ప్రతి సంకేతమునకు బదులు ఒక ప్రశ్నార్థకము వ్రాయుట. అప్పుడు టేకుమట్లకు బదులు ఎనిమిది ప్రశ్నార్థకములు మిగులును. అనగా 63 అను సంఖ్య ఎనిమిది మారులు. 24 బైట్లు 8 బైట్లైనవి. మిగిలిన సమాచారము ఎచ్చటను లేదు. ఏ నిపుణుడును దానిని తిరిగి తేజాలడు. వికారముగా కనబడునదానికి చికిత్స కలదు. శుభ్రముగా కనబడు ప్రశ్నార్థకములకు లేదు.

ఈ విషయమున వర్డ్‌ప్రెస్‌ను నిందించుట తగదు. దాని అమరికల ఫైలులో అక్షరపద్ధతికి ఒక పంక్తి కలదు. 2015లో వెలువడిన 4.2 సంచికనుండి అది నూతన పద్ధతిని తానే ఎన్నుకొనుచున్నది. ప్రమాదము స్థాపననాడు కాక, పాత డేటాబేసును క్రొత్త సర్వరునకు తరలించునాడు కాచుకొనియుండును. స్థాపనను ఐదు నిమిషములతో ముగించిన పత్రమునకు ఆ నాటితో సంబంధము లేదు. నా ముఖ్యమైన అభ్యంతరము ఇదియే.

సర్వరును నెలకొల్పుట వ్యవసాయ బావికి మోటారు బిగించుట వంటిది. నీరు పైకి వచ్చిన క్షణమున ఫోటో తీసుకొనవచ్చును. పంట మాత్రము మోటారు కాలినపుడు ఎవరు బాగుచేయుదురను దానిపై ఆధారపడును. పీహెచ్‌పీ సంచికలకు ఆయుర్దాయము కలదు. 7.4 సంచికకు 2022 నవంబరుతో భద్రతా మరమ్మతులు ఆగిపోయినవి. 2020లో దానిపై నెలకొల్పి, ముట్టుకొనక వదలినవాని పుట నేటికిని తెరచుకొనవచ్చును. తెరచుకొనుట ఆరోగ్యమునకు గుర్తు కాదు. స్థాపించిన ఉపాధ్యాయునకు బదిలీ అయినచో పాస్‌వర్డు ఎవరివద్ద నుండును, చిరునామా రుసుము ఎవరు చెల్లింతురు, బ్యాకప్ ఎచ్చటనున్నది — వీనికి సమాధానము వ్రాసియుంచని స్థాపన అసంపూర్ణము.

‘ఇంత శ్రమ యెందుకు? వికీపీడియా ఉన్నది గదా’ అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా మీడియావికీపైననే నడచుచున్నది. దాని సర్వరుల భారము వికీమీడియా ఫౌండేషను వహించును. అందరికిని పనికివచ్చు, ఆధారములుగల విషయమును అచ్చటనే వ్రాయుట మేలు. కాని ప్రతి గ్రామమునకు విజ్ఞాన సర్వస్వములో చోటు దొరకని సంపద ఒకటుండును: పెద్దలు చెప్పిన చెరువుల పేర్లు, పాత విద్యార్థుల ఫోటోలు, పిల్లలు సేకరించిన పలుకుబళ్లు. టేకుమట్లనే తీసికొనుడు. 2016 అక్టోబరునకు ముందు అది వరంగల్లు జిల్లాలోనిది. జిల్లాల పునర్వ్యవస్థీకరణతో నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మండల కేంద్రమైనది. 2015 నాటి కాగితమున ఒక జిల్లా, 2017 నాటి కాగితమున మరియొకటి. రెంటిని జోడించి చూపగలవారు ఆ ఊరివారే. అట్టి సంకలనము ప్రశ్నార్థకములుగా మారినచో మరల సేకరించుటకు ఆ పెద్దలు ఉండరు.

ఇంకొక జాగ్రత్త. సొంత సర్వరు ఉన్నది కదా అని విద్యార్థుల మార్కులు, చిరునామాలు దానిపై పెట్టరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 సంవత్సరములు నిండనివారిని బాలలుగా ఎంచి, వారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతిని కోరుచున్నది.

విమర్శకుడు లోపమును చూపి ఊరకుండరాదు. ఉపాధ్యాయులు ఈ సూచనాపత్రమును పారవేయనక్కరలేదు. దానికొక రెండవ భాగమును తరగతిలోనే కూర్చవచ్చును. ఇంటర్నెట్టుతో సంబంధము లేని పాత కంప్యూటరుపై లినక్సును, తక్కిన మూడు భాగములను, వర్డ్‌ప్రెస్‌ను నెలకొల్పుడు. పది తెలుగు వాక్యములు వ్రాసి, రెండు ఫోటోలు చేర్పుడు. పిదప మూడింటికి బ్యాకప్ తీయుడు: డేటాబేసు, చేర్చిన ఫోటోల డైరెక్టరీ, అమరికల ఫైలు. వానిని మరియొక కంప్యూటరుపైకి మార్చి, మొదటిదానిని ఆపివేసి, రెండవదానిపై అన్నింటిని తిరిగి నిలబెట్టుడు. ఇప్పుడు ‘టేకుమట్ల’ అని వెదకుడు. నాలుగు అక్షరములును నిండుగా కనబడినచో పని ఫలించినది. ఎనిమిది ప్రశ్నార్థకములు కనబడినచో, ఎచ్చట పోయినదో విద్యార్థులచేతనే వెదకింపుడు. పాత కంప్యూటరును తిరిగి వెలిగించినచో పోయినదేమియు ఉండదు.

ఈ పనికి ఐదు నిమిషములు చాలవు. రెండు మధ్యాహ్నములు పట్టవచ్చును. కంప్యూటరు ఆగిపోయిన తరువాత కూడ మన వ్రాత మనకు దొరకుటకు పట్టు కాలము అది. స్థాపనా కాలమని చెప్పదగినదియు అదియే. సూచనాపత్రముపై ఆ అంకెను వ్రాసినచో దాని ప్రసిద్ధి కొంత తగ్గవచ్చును గాని, దానిని నమ్మినవారి నష్టము మిక్కిలి తగ్గును.