మూలములు తీయకుండ

మనవారు నేటికిని ఎంసెట్ అనియే పిలుచుచున్న ఈఏపీసెట్‌లో ఇంజనీరింగు విద్యార్థికి 180 నిమిషములలో 160 ప్రశ్నలు, వానిలో సగము గణితమే. తప్పు జవాబునకు మార్కుల కోత లేదు గనుక, కాలము చాలనపుడు ఏదో యొకటి గుర్తించి లేచి రావచ్చును. ఇట్టి పరీక్షకు బీజగణిత సాధన యనగా షార్ట్‌కట్లు వల్లించుటయే యను భావము ప్రబలుటలో వింత లేదు. సాయంకాలములందు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పు నేను ఆ షార్ట్‌కట్లను నిందింపను. కాని వల్లించిన షార్ట్‌కట్టు వేఱు, లెక్కను చూచి తెలిసికొన్న దగ్గరిదారి వేఱు.

వర్గసమీకరణము కంటబడగనే సూత్రము వ్రాసి మూలములు తీయబూనుట పదవ తరగతినుండి అలవడిన గుణము. ఆ సూత్రమునకు ఆధారమై, శ్రీధరాచార్యుని పద్ధతిగా భాస్కరుడు చెప్పిన వర్గపూరణము ఘనమైనదే, సందేహము లేదు. అయినను, మూలముల మొత్తము 5, లబ్ధము 3 అని గుణకములే చెప్పుచుండగా, వాని ఘనముల మొత్తమెంతయని యడిగినచో, 13 యొక్క వర్గమూలమును మోసికొని ఘనము చేయుటెందులకు? మొత్తము యొక్క ఘనము 125, లబ్ధమునకు మూడింతలను మొత్తముచే గుణింపగా 45, తీసివేయగా 80. మూలములెవ్వియో తెలియకయే వాని విషయము తెలిసినది!

ద్విపద గుణకములను వరుసగా 1, 2, 3 మొదలగు సంఖ్యలచే గుణించి కూడుమన్న ప్రశ్నకు, ద్విపద ఘాతమైన ఎన్‌కు 1 ఇచ్చి జవాబులను పరీక్షించువారు కలరు. మొత్తము 3 వచ్చును. కాని 2 యొక్క ఎన్‌వ ఘాతమునకు ఎన్ కూడినను 3 యే గదా! ఎన్‌కు 2 ఇచ్చినచో అసలు మొత్తము 8, ఆ మాయజవాబు 6. ఇంతకన్న, శ్రేణిని తలక్రిందులుగా వ్రాసి మొదటిదానితో కూడిన పిల్లవానికి, ప్రతి గుణకము ప్రక్కనను ఎన్+2 యే నిలుచుటయు, గుణకముల మొత్తము 2 యొక్క ఎన్‌వ ఘాతము గనుక సగము తీయుటయే మిగులుటయు గోచరించి, సూత్రము మఱచినను భయముండదు.

అందుచేత పాత ప్రశ్నపత్రములు మొదట గడియారము లేకయే, ఒక్కొక్క లెక్క రెండు త్రోవల చేయుమందును. పరీక్ష దాపునకు వచ్చినపుడు గడియారము ముందుంచుకొని, ప్రస్తారములు, సంయోగముల లెక్కలను మాత్రము తుదకు విడువవలెను. వానిలో ప్రశ్నను అర్థము చేసికొనుటకే సగము కాలము పోవును.