సంఘం పని ఎవరిది?

క్రైస్తవ సంఘం ఎందుకు ఉంది అన్న ప్రశ్నకు అపొస్తలుల కార్యముల రెండో అధ్యాయంలో క్లుప్తంగా జవాబు దొరుకుతుంది. యెరూషలేములోని మొదటి విశ్వాసులు నాలుగు పనులు ఎడతెగక చేశారు: అపొస్తలుల బోధ వినడం, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. ఉన్నవాళ్లు ఆస్తులు అమ్మి లేనివాళ్లకు పంచిన సంగతి ఆ వెంటనే వస్తుంది. ఆరాధన, బోధ, సహవాసం, సేవ, సువార్త అని తర్వాతివాళ్లు లెక్కపెట్టిన ఉద్దేశాలకు పునాది దాదాపు ఇక్కడే ఉంది. ఇవన్నీ నలుగురూ కలిసి చేసే పనులే. గురువు ఒక్కడే చేస్తూ ఉంటే మిగిలినవాళ్లు చూసిపోయేవి కావు.

ఈ సంగతిని తెలుగు పల్లెల్లో ఆచరించి చూపించిన పెద్దమనిషి ఒక తమిళుడు. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన అధ్యక్షమండలంలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. చదువు వచ్చినవాళ్లు తక్కువ, గురువులు ఇంకా తక్కువ. ఊరూరికీ పాదిరిని పెట్టడం అయ్యే పని కాదు. అందుకే సువార్త పనిని సభ్యుల మీదే పెట్టారు. బాప్తిస్మం తీసుకున్న మనిషి తన నెత్తిమీద తానే చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను తన మాటగా పలకాల్సి ఉండేది. ఏటా సాక్ష్య వారాలు జరిపేవారు. కూలీలు గుంపులు కట్టి పక్క ఊళ్లకు వెళ్లి, ప్రసంగాల జోలికి పోకుండా, తమ బతుకులో వచ్చిన మార్పు చెప్పేవారు. వాళ్లు తాగుడు మానారా, అబద్ధం మానారా అన్నది పక్క ఊరివాళ్లకు ముందే తెలుసు గనుక ఆ మాటకు బరువుండేది. 1930ల్లో శూద్ర కులాల వాళ్లు కొందరు సంఘంలో చేరడానికి ఇరుగుపొరుగు మాల మాదిగల్లో కళ్లారా చూసిన మార్పే ఒక ముఖ్య కారణం.

కానుక సంగతీ ఇంతే. బీదవాళ్లను ఇవ్వమని అడగకూడదన్న జాలి అజరయ్యకు నచ్చేది కాదు. ఇవ్వడం గురించి ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం అలవాటు పాతది. ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళుతుంది, ఉపదేశి పోషణకు పనికొస్తుంది. ఇంటి మగవాడి చేతిలో చిల్లర లేకపోయినా ఆమె కానుక ఆగదు. కోత పండుగనాడు ఇంకా సందడి. గుమ్మడికాయలు, కోళ్లు, వడ్లు, అరటి గెలలు బలిపీఠం ముందు పోగుపడతాయి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పాట పాడి కొన్న గుడ్డును తిరిగి సంఘానికే ఇచ్చేవాళ్లుంటారు, అదే గుడ్డు మళ్లీ వేలానికి వస్తుంది. నవ్వుల మధ్యే డబ్బు కూడుతుంది. తన బియ్యంతో నడిచే సంఘంలో సభ్యుడికి లెక్క అడిగే హక్కు కూడా పుడుతుంది. బయటి డబ్బుతో నడిచే చోట ఆ హక్కు నోటిదాకా రాదు.

ఆరాధనలోనూ జనం పాలు ఉండాలని, దానికి తమ ఊరి రూపం ఉండాలని అజరయ్య పట్టు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్‌లో హిందూ గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక రెండూ కనిపిస్తాయి. మిషన్ల పేరుతో చీలిన సంఘాలు ఒకటి కావాలని కూడా ఆయన చాలా పాటుపడ్డారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన కోరిన ఐక్యతతో దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది.

నేటి సంఘంలో పనులకు కొదవ లేదు. ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేవాళ్లు, స్త్రీల మైత్రి కూడికలు నడిపేవాళ్లు, గాయక బృందం, మంచం పట్టినవారి ఇంటికి వెళ్లి ప్రార్థన చేసేవాళ్లు, చావు ఇంట్లో రాత్రంతా కూర్చునేవాళ్లు కావాలి. చివరి రెండు పనులకు పదవీ లేదు, ఫొటో కూడా రాదు. అయినా సహవాసం అంటే ముందుగా అవే. పాస్టరేట్ కమిటీ ఎన్నికలకు వచ్చినంత జనం శుక్రవారం ప్రార్థనకు రారన్నది చాలా ఊళ్లలో వినిపించే ఫిర్యాదు, అందులో నిజం లేకపోలేదు. నగరాల్లోని పెద్ద మందిరాల్లో వేరే చిక్కుంది. మైకులు, తెరలు, వాద్యాలు అన్నీ సిద్ధంగా ఉంటాయి. సభ్యుడు కుర్చీలో కూర్చుని చూసి, ఫోన్లో కానుక పంపి ఇంటికి వెళతాడు. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి పేరు తెలియకుండానే ఏడాది గడిచిపోవచ్చు.

ఈ తీరు మారడానికి కొత్త పథకాలేవీ అక్కర్లేదు. సభ్యత్వ పట్టికలో పేరు రాసేటప్పుడే ఆ పేరు పక్కన ఒక పని కూడా రాయాలి. పాస్టర్లు, సంఘ పెద్దలు వచ్చే ఆదివారం నుంచే మొదలుపెట్టవచ్చు.