తొలి కత్తి ఎవరి చేతి మీదుగా?

మా పక్క వీధి కుర్రాడికి విశాఖలో ఉద్యోగం. మొన్న విజయనగరం వచ్చినప్పుడు ఫోన్లో నాలుగైదు క్షవరపు కత్తుల బొమ్మలు చూపించి, "గడ్డం నేనే కత్తితో గీసుకుందామనుకుంటున్నాను మావయ్యా, వీటిలో ఏది కొనమంటారు?" అన్నాడు. ఒకదాని పిడి నల్లగా నిగనిగలాడుతోంది, ఇంకోదాని రేకు మీద అలల్లాంటి గీతలు. ధరలు వేలల్లో ఉన్నాయి. ఏదీ వద్దన్నాను. ముందు పదును పెట్టేవాళ్లను వెతుక్కో, కత్తి సంగతి తర్వాత చూద్దువుగాని అన్నాను. వాడికది పెద్దల చాదస్తంగా వినిపించే ఉంటుంది.

కొత్త కత్తికి అంచు ఉంటుంది గానీ, గడ్డం తెగే పదును చాలావాటికి ఉండదు. అది సానరాయి మీద, ఆ తర్వాత తోలు పట్టీ మీద, తెలిసిన చెయ్యి పెట్టాల్సిందే. ఈ సంగతి తెలియనివాడు మొండి కత్తితోనే మొదలుపెడతాడు. తెగలేదని నొక్కుతాడు, బుగ్గ మండుతుంది, ఈ విద్య మనకు రాదనుకుని కత్తిని బీరువాలో పడేస్తాడు.

ఆ తెలిసిన చెయ్యి మన ఊళ్లలో ఇంకా ఉంది, పని లేక ఊరుకుంది. 1903లో అమెరికాలో జిల్లెట్ రేజరు అమ్మకానికొస్తే మొదటి ఏడాది పోయినవి 51. అదే మెల్లగా లోకమంతా పాకి, ఇళ్లలోంచి కత్తిని సాగనంపింది. మన సెలూన్లలో మాత్రం కత్తి చాలాకాలం నిలబడింది. తొంభైల్లో మొదలైన ఎయిడ్స్ భయం దాన్నీ తీసేయించింది. కొత్త బ్లేడు వెయ్యమని అడగడం అందరికీ అలవాటైంది, సగానికి విరిచిన బ్లేడు బిగించే పిడి వచ్చింది. తిరుమల కల్యాణకట్టలోనూ ఇప్పుడు బ్లేడే. ఆ భయం న్యాయమైనదే. ఒక కత్తి పదిమంది మొహాల మీద తిరగకూడదు. ఎవడి కత్తి వాడిదే అయితే ఆ పేచీ లేదు.

గంటస్తంభం దగ్గర సందులో నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. ఒకప్పుడు క్షవరంతో పాటు పెళ్లిళ్లకు సన్నాయి వాయించేవారు. ఇప్పుడు సెలూను కొడుకు చూసుకుంటున్నాడు. సెలూన్లు మూసే మంగళవారం చూసుకుని, కుర్రాడిచేత సెలవు పెట్టించి మరీ తీసుకెళ్లాను. ఆయన రేకుపెట్టె తీసి, నూనెగుడ్డలో చుట్టిన కత్తులు చాప మీద పరిచారు. ఒకదాని మెడ మీద సోలింగెన్ అన్న ముద్ర సగం అరిగి కనిపిస్తోంది. కత్తులకు పేరుపడ్డ జర్మనీ ఊరది.

ఆయన ముద్ర వైపు చూడనేలేదు. కత్తి విప్పి వెలుతురుకు ఎత్తి, వీపు రెండు పక్కలా ఒకేలా అరిగిందా అని చూశారు. సానరాయి మీద వీపూ అంచూ రెండూ ఆనే ఉంటాయి గనక పదును వాలు తేల్చేది వీపే. అది వంకరగా అరిగితే అంచూ వంకరే. రేకు నడుమ తుప్పు మచ్చ ఉన్నా ఫర్వాలేదుట, అంచులో చుక్క ఉంటే మాత్రం పక్కన పెట్టేయాలిట. వెడల్పు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు ఉంటే కొత్త చేతికి బాగుంటుంది. మరీ వెడల్పైతే ముక్కు కింద తిరగదు, మరీ సన్నమైతే నురగతో నిండిపోతుంది.

"కొస గుండ్రంగా ఉన్నది సూడు బాబూ. కోసుగా ఉంటే సెవి కాడ నీకు తెలకుండానే దిగిపోద్ది" అన్నారు.

తర్వాత తోలు పట్టీని కిటికీ ఊచకు తగిలించి బిగించారు. వీపు ముందు, అంచు వెనక. చివరికి వెళ్లాక కత్తిని వీపు మీదే దొర్లించి తిప్పుతున్నారు, అంచు మీద ఎన్నడూ కాదు. కొత్తవాళ్లు పట్టీని కోసుకునేదీ, పదును పోగొట్టుకునేదీ ఆ మలుపులోనే. చప్పుడు ఒకే తీరుగా వస్తోంది. ఆపి, ముంజేతి వెంట్రుకల పైన, చర్మానికి తగలకుండా పోనిస్తే రెండు మూడు తెగి రాలాయి.

కత్తికి డబ్బొద్దన్నారు, సానకు మాత్రం యాభై ఇమ్మన్నారు. వేలు పెట్టి కత్తి కొనడానికి సిద్ధపడ్డ మా కుర్రాడు, యాభైకి కూడా ఓసారి నా మొహం చూశాడు! ఇది వాడొక్కడి గుణం కాదు. ఆయన తండ్రి కాలంలో రైతులు ఏడాదికిన్ని కుంచాల ధాన్యం కొలిచేవారు, అదీ పంట చూసుకుని. క్షవరం కులానికి అంటగట్టిన చాకిరీ అయింది గానీ, పదును పెట్టడం ఒక విద్య అని ఎవరు లెక్క కట్టారు? కత్తి కొనే డబ్బులో సగమైనా ఆ చేతికి ఇవ్వాలన్నది నా పట్టు. ఆయన అడిగింది యాభైయేనని ఊరుకోకూడదు. ఇప్పించాను.

మిగతా జాగ్రత్తలు చిన్నవే. పాత కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. మనది సముద్రపు గాలి, గీసుకున్నాక మడత సందుతో సహా ఆరబెట్టి కుట్టుమిషను నూనె చుక్క రాయాలి. కొబ్బరినూనె పనికిరాదు, జిగురు కడుతుంది. మొదట్లో బుగ్గలు మాత్రం కత్తితో, గడ్డం కిందంతా మామూలు రేజరుతోనే.

కుర్రాడు ఇప్పుడు దవడ దాకా వచ్చాడు. మీసం గీతకు మాత్రం ఇంకా పెద్దాయన కొడుకు దగ్గరికే వెళ్తున్నాడు, ఆ ధైర్యం ఇంకా రాలేదట.